దొంగ గొంతుతో ఒక ఏడాది

పై షడ్జం దాటాక గొంతు సన్నబడి జారిపోతే మా మాస్టారికి చిర్రెత్తుకొచ్చేది. "దొంగ గొంతు పెట్టకు" అనేవారు. విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో చాప మీద కూచుని ముందు అక్కకు పాఠం చెప్పేవారు, తర్వాత నాకు. నిజానికి నా పాఠం సగం అక్క పాఠంలోనే అయిపోయేది. వంటింట్లో అమ్మ పక్కన వత్తులు చేసుకుంటూ వింటుంటే, అక్క వారం రోజులు తంటాలు పడ్డ చిట్టస్వరం నాకు ఊరికే నోటికొచ్చేసేది. ఈ మాట అక్క ఇప్పటికీ ఒప్పుకోదు.

ముప్పై ఏళ్ల తర్వాత, పారిస్‌కి ఆగ్నేయంగా మెలన్ దగ్గర ఒక చిన్న ఊళ్లో, పియానో ముందు కూచున్న ఒక ఫ్రెంచావిడ నన్ను అదే దొంగ గొంతు తియ్యమన్నారు. తీస్తే "అదీ, అదే" అన్నారు. నాకు నవ్వు, భయం రెండూ వచ్చాయి. మాస్టారు ఎక్కడున్నా వింటున్నారేమో అనిపించింది.

మా ఆయన ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయింది. ఆ పన్నెండేళ్లలో వినాయక చవితికి తెలుగువాళ్లం కలిసినప్పుడు మంగళహారతి పాడటం తప్ప నోరు తెరిచింది లేదు. ఇక్కడ సెప్టెంబరు మొదట్లో ఊళ్లోని సంఘాలన్నీ ఒక హాల్లో బల్లలు వేసుకుని కూచుంటాయి. జూడో, కుట్లు, చదరంగం, పాట, ఏది కావాలంటే అందులో పేరు రాయించుకోవచ్చు. పిల్లాణ్ణి ఈతలో చేర్పించడానికి వెళ్లి, పక్క బల్ల దగ్గర నా పేరు కూడా రాసొచ్చాను. పెద్దవాళ్లకు ఖాళీ లేదన్నారు. అక్టోబరులో ఎవరో మానేశారని ఫోన్ చేశారు. వారానికి అరగంట. నాకప్పుడు 41.

మొదటి రోజు ఏమైనా పాడమంటే మోహన వర్ణం పాడాను. మేడమ్ కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత పియానో మీద ఒక్కో మెట్టూ పైకి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. నాది ఐదున్నర శృతి. నాకు అలవాటైన చోటు దాకా ధైర్యంగా వెళ్లి ఆగిపోయాను. ఎందుకు ఆగారన్నారు. అంతే ఉందన్నాను. "లేదు, ఇంకో సగం ఉంది, మీరు ఎప్పుడూ తలుపు తియ్యలేదు" అని, బీరువాలోంచి పల్చటి పుస్తకం ఒకటి తీశారు. 'ఊన్ ఉర్ దెత్యూద్' అని ఉంది అట్ట మీద. ఒక గంట సాధన అని అర్థం. ఆడవాళ్ల గొంతు కోసం రాసిన అభ్యాసాలు. రాసినావిడ పోలీన్ వియార్దో, 19వ శతాబ్దంలో ఒపెరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, పాడిన గాయని.

ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. వినకపోవడమేమిటి, ఆవిడ ఇంట్లో వాయించిన ఆర్గన్ మీ మెలన్‌లోనే ఉంది కదా అన్నారు మేడమ్. నోత్రదామ్ అనే ఆ చర్చి ముందు నుంచి నేను శనివారం సంతకు వెళ్లేదాన్ని. ఆర్గన్ అంటే చర్చిల్లో ఉండే, గొట్టాల్లోంచి గాలితో మోగే భారీ వాయిద్యం. వాటి తయారీలో 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో కవాయే-కోల్‌ని మించినవాడు లేడంటారు. ఆయన వియార్దో ఇంటి హాలు కోసం ప్రత్యేకంగా చేసిచ్చిన వాయిద్యం అది. ఆవిడ జర్మనీలో కాపురం ఉన్నప్పుడు అక్కడికీ వెళ్లి, చివరికి మెలన్ చేరింది. మన ఇళ్లలో వీణ ఒక మూల పెట్టుకుంటాం. హాల్లో చర్చి ఆర్గన్ పెట్టించుకున్న మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలైంది.

ముందు నా పాట్లు చెబుతాను.

మనకు స అంటే ఎవరి శృతి వాళ్లది. నేను ఎక్కడ స పెట్టుకుంటే అదే ఇల్లు, మిగతా స్వరాలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఫ్రాన్స్‌లో మన స స్థానంలో చెప్పే డో అంటే ఎప్పుడూ పియానో మీద ఆ ఒక్క మెట్టే. పాట ఏ శృతిలో ఉన్నా సరే అది కదలదు. నా బుర్ర దీన్ని ఒప్పుకోలేదు. ప్రతి అభ్యాసం మొదట్లో ఆధార స్వరం ఎక్కడుందో వెతికి, పెన్సిల్‌తో తెలుగులో 'స' అని రాసుకునేదాన్ని. మేడమ్ చూసి ఈ గుండ్రటి బొమ్మేమిటని అడిగారు. చెప్పాక చెరిపెయ్యమంటారనుకున్నాను, అనలేదు. పైగా తర్వాత వారం ఆవిడే ఒకచోట వేలు పెట్టి, ఇక్కడ మీ 'స' మారింది, రాసుకోలేదేం అన్నారు.

శృతిపెట్టె లేకపోవడం ఇంకో బెంగ. పియానో ఒక దెబ్బ కొట్టి ఊరుకుంటుంది, వెనక తంబురా మోత లేదు. ఇంట్లో చెవిలో తంబురా యాప్ పెట్టుకుని సాధన చేసేదాన్ని. దానివల్ల ఏమయిందంటే, ప్రతి వాక్యం చివరా నాకు తెలియకుండా స మీదికి వచ్చి వాలేదాన్ని, అక్కడ ఆ స్వరం లేకపోయినా. ఇక గమకం సంగతి చెప్పక్కర్లేదు. స్వరాన్ని నిలబెట్టి పట్టుకోమంటే నా గొంతు దానంతటదే ఊగేది. "తిన్నగా, తిన్నగా" అని మేడమ్ గాల్లో గీత గీసేవారు. ఊగకుండా పాడటం అంటే ఉప్పు లేని కూర తిన్నట్టు ఉండేది మొదట్లో.

పెదాలతో చంటిపిల్లల్లా బుర్రుమనిపిస్తూ స్వరాలు ఎక్కడం, గ్లాసులో నీళ్లు పోసి స్ట్రాతో బుడగలు తెప్పిస్తూ పాడటం, నేల మీద పడుకుని పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టుకుని ఊపిరి తీయడం. మా వాడికి ఇది రోజూ సాయంత్రం వినోదం.

అసలు కష్టం మధ్యలో ఉంది. కింది స్వరాలకు ఛాతీ గొంతు, పై స్వరాలకు తల గొంతు అంటారు వీళ్లు. రెండింటి మధ్య నాలుగైదు స్వరాల చోటు ఉంటుంది, అక్కడ దాటాలి. అరకు ఘాట్ రోడ్డు మీద గేరు మార్చినట్టే. ముందే మార్చాలి, ఇంజిను మూలిగాక కాదు. నాకు ఆ మాస్టారి మాట నరనరానా పట్టేసి ఉంది. తల గొంతు రాబోతోందనగానే సిగ్గేసి, ఛాతీ గొంతునే పైకి తోసేదాన్ని. పుస్తకంలో అభ్యాసాలు చిన్నవి. మాటలుండవు, ఉత్త అచ్చులు. చూడటానికి మన సరళీ వరుసల్లా అమాయకంగా ఉంటాయి. కాని ఎటు తిప్పినా ఆ దాటే చోటికే తెచ్చి నిలబెడతాయి. ఒక గంట సాధన అని పేరు పెట్టిన పుస్తకంలో మొదటి పేజీకి నాకు ఆరు వారాలు పట్టింది.

జనవరిలో గొంతు పోయింది. తప్పు నాదే. మేడమ్ రోజుకు 20 నిమిషాలు చాలన్నారు, నేను గంటన్నర చేశాను. మనకు అసురసాధన అంటే గొప్ప కదా. ఒక పొద్దున్న లేచేసరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వారం చూసి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ముక్కులోంచి సన్నటి కెమెరా దింపారు. కళ్లలో నీళ్లు కారుతుండగా తెర మీద చూశాను, రెండు గొంతు పట్టీలు తెరుచుకుంటూ మూసుకుంటూ. తెల్లగా ఉండాలట, నావి వాచి ఎర్రగా ఉన్నాయి. కాయలు కట్టలేదు, అదృష్టం అన్నారు. పది రోజులు మాట్లాడొద్దు, గుసగుసలు అసలే వద్దు, వాటివల్ల ఇంకా శ్రమ అన్నారు.

సందేశం పంపితే మేడమ్ జవాబులో ఒక ముక్క రాశారు. బతికున్న మనిషి గొంతు పట్టీలు పాడుతుండగా చక్కగా చూసి వివరంగా రాసింది వియార్దో అన్నగారే, మాన్యుయెల్ గార్సియా అని. 1854లో ఆయన పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని వేడి చేసి నోట్లో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండను దాని మీదికి తిప్పి, తన గొంతు తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఆ సంగతి వివరించాడు. డాక్టరు కాదు, పాటల మాస్టారు. 101 ఏళ్లు బతికాడు. నా ముక్కులో దిగిన కెమెరాకు మూలపురుషుడు ఒక సంగీతం పంతులు అని తెలిశాక, ఆ మంట కాస్త తగ్గినట్టనిపించింది.

ఆ పది రోజులూ పలక మీద రాసి పిల్లాడితో మాట్లాడుతూ, మిగతా సమయం వియార్దో గురించి చదివాను.

1821లో పారిస్‌లో పుట్టింది. అమ్మానాన్నలు స్పెయిన్ నుంచి వచ్చిన గాయకులు. తండ్రి సామాన్యుడు కాడు, రొస్సీని అనే సంగీతకర్త కట్టిన 'సెవిల్ మంగలి' ఒపెరాలో ఆల్మవీవా పాత్ర మొట్టమొదట పాడింది ఆయనే. పోలీన్‌కు నాలుగేళ్లప్పుడు కుటుంబమంతా ఓడెక్కి న్యూయార్క్ వెళ్లి ఒపెరాలు ఆడారు. అక్కణ్ణుంచి మెక్సికో. తిరుగు ప్రయాణంలో బందిపోట్లు దోచుకున్నారు. పారిస్ చేరాక తండ్రి పాఠాలు చెబుతుంటే పక్కన పియానో వాయించే పని ఈ చిన్నపిల్లది. ఆ పాఠాలు శిష్యులకంటే తనకే ఎక్కువ వంటబట్టాయని పెద్దయ్యాక చెప్పుకుంది. ఇది చదివి ఫోన్‌లో ఫొటో తీసి అక్కకు పంపాను. "నీ గొప్ప నువ్వే చెప్పుకో" అని జవాబు.

ఆవిడకూ అక్క ఉంది. మరియా మాలిబ్రాన్. యూరప్ అంతా వెర్రెత్తిన గాయని, గుర్రం మీంచి పడి, 1836లో 28 ఏళ్లకే పోయింది. పోలీన్‌కు ఇష్టం పియానో. పేరున్న పియానో విద్వాంసుడు లిస్ట్ దగ్గర నేర్చుకుంది. కాని 15 ఏళ్ల వయసులో తల్లి ఇక పియానో మూసెయ్, పాడాలి అంది. మూసేసింది. మరుసటి ఏడాదే కచేరీ చేసింది, అదీ చనిపోయిన అక్క మొగుడి వయొలిన్‌తో కలిసి. 1839లో లండన్‌లో మొదటి ఒపెరా, రొస్సీని 'ఒథెల్లో'లో డెస్డిమోనా వేషం. అక్కకు పేరు తెచ్చిన వేషమే. విన్నవాళ్లందరూ అక్కతో పోల్చారు. నాకు అక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూచోవాలనిపించింది.

తర్వాతది అందరూ చెప్పే కథే. ఫ్రెంచ్ రచయిత్రి జార్జ్ సాండ్ పెళ్లి కుదిర్చింది. భర్త లూయీ వియార్దో పారిస్‌లో ఇటాలియన్ ఒపెరా నడిపేవాడు, ఆవిడకంటే 21 ఏళ్లు పెద్ద. 1843లో పీటర్స్‌బర్గ్‌లో పాడుతుంటే రష్యన్ రచయిత తుర్గేనెవ్ విన్నాడు, ఇక చనిపోయేదాకా ఆ కుటుంబం వెంటే ఉన్నాడు. 1849లో మెయెర్బీర్ కట్టిన ఒపెరా 'ల ప్రొఫెత్'లో ముసలి తల్లి వేషం ఆవిడది. అప్పటికి ఆవిడకు 27. పదేళ్ల తర్వాత గ్లూక్ పాత ఒపెరా 'ఓర్ఫే'ని సంగీతకర్త బెర్లియోజ్ ఆవిడ గొంతుకు తగ్గట్టు సవరించి ఇస్తే, పారిస్ జనం నెలల తరబడి విరగబడి చూశారు. 1855లో లండన్‌లో మోజార్ట్ 'డాన్ జువాన్' ఒపెరా స్వదస్తూరీ ప్రతి అమ్మకానికి వస్తే కొనేసింది. నగలు అమ్మి కొన్నదంటారు. తర్వాత దాన్ని పారిస్ కన్సర్వేటరీకి, అంటే అక్కడి సంగీత కళాశాలకు, ఊరికే ఇచ్చేసింది. అది ఇప్పుడు ఫ్రెంచ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. నగలు అమ్మి కాయితాలు కొన్న సంగతి ఫోన్‌లో మెసేజ్ పెడితే అమ్మ చాలాసేపు జవాబివ్వలేదు.

1863లో, 41 ఏళ్లకు, పారిస్ వేదిక వదిలేసింది. గొంతు అరిగిపోయింది. కిందా పైనా అన్ని రకాల వేషాలూ పాడింది, ఎవరేది అడిగితే అది పాడింది. తనలా చెయ్యొద్దని, అన్నీ పాడబోయి గొంతు పాడుచేసుకున్నానని తర్వాత శిష్యురాళ్లకు చెప్పేదట. పై స్వరాలు పోయినా కిందివి నిలిచాయి. జర్మన్ సంగీతకర్త బ్రామ్స్ కింది స్థాయి ఆడగొంతు కోసం రాసిన ఆల్టో రాప్సొడీని 1870లో మొదటిసారి బహిరంగంగా పాడింది ఆవిడే.

పుస్తకాల మీద నాకు కోపం వచ్చింది ఇక్కడే. 89 ఏళ్లు నిండడానికి రెండు నెలల ముందు పోయిన మనిషి. అందులో వేదిక మీద ఉన్నది పాతికేళ్లు. వేదిక దిగాక 47 ఏళ్లు బతికింది, చివరిదాకా పాఠాలు చెబుతూనే ఉంది. జర్మనీలో బాడెన్-బాడెన్‌లో ఉండగా దేశదేశాల నుంచి ఆడపిల్లలు వచ్చి నేర్చుకున్నారు. వాళ్లు పాడటానికని, తుర్గేనెవ్ కథ రాసిస్తే, చిన్న చిన్న ఒపెరాలు తనే కట్టి ఇంట్లోనే ఆడించింది. 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో అక్కడ కాపురం ఎత్తేసి లండన్, తర్వాత పారిస్. 1871 నుంచి 1875 దాకా కన్సర్వేటరీలో పాఠాలు, ఆ తర్వాత ఇంట్లో. 1904లో, 80 దాటాక, పియానో ఒక్కటే పెట్టుకుని ఆడదగ్గ సిండ్రెల్లా ఒపెరా తెచ్చింది. చదివిన రెండు జీవిత చరిత్రల్లో ఈ భాగమంతా చివరి అధ్యాయాల్లో పరుగు. తుర్గేనెవ్ ఆవిణ్ణి ప్రేమించాడా, భర్త ఎలా ఊరుకున్నాడు, దానికి మాత్రం పేజీలకు పేజీలు.

మార్చిలో ఒక ఆదివారం పారిస్ పక్కనున్న బూజివాల్ వెళ్లాం. సీన్ నది పక్కన వాలులో వియార్దోల బంగళా, దానికి కాస్త పైన తుర్గేనెవ్ కట్టించుకున్న చెక్క ఇల్లు. ఆయన 1883లో అక్కడే పోయాడు. లూయీ పోయింది కూడా అదే ఏడాది, మేలో. ఆ ఇల్లు తుర్గేనెవ్ మ్యూజియం కాబట్టి ఆయన గురించే ఉంటుంది, తప్పు పట్టడానికి లేదు. చెట్ల మధ్య నిలబడి కింది బంగళా కిటికీల వంక చూస్తూ, ఏ గదిలో పాఠం జరిగేదో అనుకున్నాను. మా ఆయన చలికి వణుకుతూ ఇక పోదామన్నాడు.

పాఠాలు చెప్పిన మనిషి గురించి నాకు ఎక్కువ చెప్పింది ఆ పల్చటి పుస్తకమే. గొంతు బాగయ్యాక మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి రోజుకు 20 నిమిషాలే, టైమర్ పెట్టుకుని. అప్పుడు కనిపించింది. ఎక్కడా గొంతును నిటారుగా పైకి తొయ్యదు. ఒక మెట్టెక్కిస్తుంది, దించుతుంది, ఊపిరి ఇస్తుంది. నేను సిగ్గుపడి బిగుసుకునే చోటికి ముందే నెమ్మదిగా తిప్పుకుంటూ తెస్తుంది. గొంతు ఎక్కడ తెగుతుందో తెలిసినవాళ్లు రాసిన వరుసలివి అని మేడమ్‌తో అన్నాను. "ఆవిడకు తెగింది కదా" అని, ఇంకో అరమెట్టు పైన మొదలుపెట్టారు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక రోజు దాటాను. పెద్ద సంగతిగా ఏమీ జరగలేదు. గేరు ఎప్పుడు మారిందో తెలియలేదు, అంతే. పైకి వెళ్లాక వినిపించిన గొంతు సన్నగానే ఉంది గాని దొంగది కాదు. నాదే.

జూన్‌లో విద్యార్థుల కచేరీకి మేడమ్ 'హాయ్ లులి' ఇచ్చారు. వియార్దో కట్టిన పాటే. రావాల్సినవాడు రాక, రాట్నం ముందు కూచున్న పిల్ల బెంగ. పల్లవి మాటలకు అర్థం వెతకబోతే అవసరం లేదన్నారు, ఉత్త ఊత పదాలట. మన లాలి, జోల లాంటివే కదా అనుకున్నాక నాలుక తేలిగ్గా తిరిగింది. మిగతా ఫ్రెంచ్‌తోనే అవస్థ. 'ఉ' అనబోతూ నోట్లో 'ఇ' అనాలి. ముక్కుతో పలికేవి నాలుగు రకాలు, నా చెవికి రెండే. పన్నెండేళ్లుగా కూరగాయలు కొన్న భాష, పాటలోకి వచ్చేసరికి కొత్త భాష అయిపోయింది. మేడమ్ నాకోసం ఒక స్వరం దించారు. అయినా నాలుగు చోట్ల పెన్సిల్‌తో 'స' రాసుకున్నాను.

కచేరీ రోజు నా ముందు తొమ్మిదేళ్ల పిల్లాడు గిటారు వాయించాడు, ఎంత ధీమాగా వాయించాడంటే నా టెన్షన్ రెండింతలయింది. చీర కట్టుకోనా అని అడిగితే మేడమ్ ఊపిరి ఆడుతుందా అని మాత్రమే అడిగారు. కుచ్చిళ్లు వదులుగా పెట్టుకున్నాను. మొదటి చరణం బాగా వచ్చింది. రెండో దాంట్లో దారం తెగే చోట నా ఊపిరి కూడా తెగింది, పియానో వాయించేవారు ఒక్క క్షణం ఆగి నన్ను అందుకున్నారు. చివరిసారి పల్లవిలో పై స్వరం దగ్గర మాత్రం భయపడలేదు.

మా వాడు తీసిన వీడియో ఆ రాత్రే అక్కకు పంపాను. అక్క విజయనగరం సంగీత కళాశాలలో చదివింది, ఇప్పుడు పిల్లలకు నేర్పుతుంది. పొద్దున్నకి వాయిస్ మెసేజ్ వచ్చింది. "దొంగ గొంతే కదే అది. మాస్టారు ఉంటే చాప విసిరేవారు." కాసేపు ఫ్యాన్ చప్పుడు. "రెండో చరణంలో ఊపిరి ముందే తీసుకోవాల్సింది, లైను మధ్యలో తీశావు. సరే గాని, ఆ పుస్తకం ఫొటోలు తీసి పంపు. మా పిల్లల్లో ఒకమ్మాయికి పై స్థాయిలో గొంతు పట్టేస్తోంది."

మొదటి పేజీ ఫొటో తీశాక చూసుకున్నాను, దాని నిండా నేను రాసిన 'స'లే. చెరపకుండా పంపాను.